పచ్చ పూత

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గానీ ఆ బడిలో దాన్ని వాడేవాళ్ళు లేరు. పిల్లలంతా ఆమెను "చేతులు వెనక్కి టీచర్" అంటారు. మూడో తరగతి నుంచి ఐదో తరగతి దాకా కంప్యూటర్ నేర్పే పంతులమ్మ ఆమె. గదిలో ఉన్నవి పది కంప్యూటర్లు, మూడు తరగతులూ కలిపి వచ్చి కూర్చునేవాళ్ళు ముప్ఫై మంది. ఒక్కోదాని ముందు ముగ్గురు సర్దుకోవాలి. ముగ్గురు కూర్చున్నచోట ఏం జరుగుతుందో తెలియందెవరికి? చురుకైనవాడు మౌస్ లాక్కుంటాడు, రెండోవాడు సలహాలిస్తాడు, మూడోవాడు గోళ్ళు కొరుక్కుంటూ కిటికీలోంచి బయటికి చూస్తాడు. అందుకే వచ్చిన మొదటి ఏడే ఆమె ఒక కట్టడి పెట్టింది. ఎవరి వంతైతే వాళ్ళ చెయ్యే మౌస్ మీద ఉండాలి. మిగతా ఇద్దరూ నోటితో ఎంతైనా చెప్పొచ్చు, చేతులు మాత్రం వెనక్కి కట్టుకోవాలి. టీచరుకూ అదే కట్టడి. పిల్లవాడు ఎంత తడబడుతున్నా ఆమె వంగి చూస్తుంది, చెబుతుంది, మళ్ళీ చెబుతుంది, వెనక్కి పెట్టిన చేతులు మాత్రం ముందుకు తీయదు.

దీన్ని ఓర్పు అనుకుంటే పొరపాటే. అది పాత కోపం. పెళ్ళికి ముందు ఆమె ఒక కంప్యూటర్ సెంటర్లో చేరింది. నేర్పే ఆయన పొద్దస్తమానం కుర్చీలో తనే కూర్చుని, వెనకాల నిలబడ్డ ఆడపిల్లలతో, చూసి నేర్చుకోండమ్మా, పాడైతే ఎవరు కట్టుకుంటారు అనేవాడు. కోర్సు అయిపోయింది, సర్టిఫికెట్ చేతికొచ్చింది, ఆమె మాత్రం కంప్యూటర్ ఆన్ చేసే బొత్తాన్ని ఒక్కసారి కూడా నొక్కలేదు. మొదటి ఉద్యోగం కోసం వెళ్ళినచోట ఆ బొత్తాం ఎక్కడుందో వెతుక్కుంటుంటే అక్కడివాళ్ళు నవ్వారు. ఆ నవ్వు ఆమె ఇప్పటికీ మరిచిపోలేదు. తరవాత ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేసే కొట్టాయన్ని పెళ్ళి చేసుకుంది. ఆ కొట్లో ఎవరో అమ్మేసిన పాత కంప్యూటర్ ఉంటే దాన్ని విప్పీ, బిగించీ, నాలుగుసార్లు చెడగొట్టీ పని నేర్చుకుంది. భర్త ఒక్కసారి కూడా జాగ్రత్త అనలేదు. ఆ ఒక్క మాట అనకపోబట్టే ఈయనతో కాపురం సాగిందని ఆమె అందరి ముందూ చెబుతుంది.

ఇంట్లోనూ అదే వరస. అత్తగారికి ఫోన్లో చెల్లెలి మొహం చూస్తూ మాట్లాడాలని కోరిక పుట్టింది. నొక్కి పెట్టమ్మా అని పిలిస్తే కోడలు వచ్చి పక్కన నిలబడి చేతులు వెనక్కి పెట్టుకుంటుంది. "ఏ ఇంట్లోనైనా కోడలు ఎదురుతిరిగి అత్తని సాధిస్తుంది. మా కోడలు చేతులు కట్టుకుని నించుని మరీ సాధిస్తోంది" అని ఆవిడ వచ్చిపోయే వాళ్ళందరికీ చెప్పుకునేది. చెప్పుకుంటూ చెప్పుకుంటూనే నేర్చేసుకుంది. ఇప్పుడు చెల్లెలితోనే కాదు, చెల్లెలి వియ్యపురాలితో కూడా గంటలకొద్దీ మాట్లాడుతోంది. ఇంట్లో ఎవరికీ ఫోను దొరకడం లేదు.

బడిలో పిల్లలు మొదట మౌస్ పట్టుకున్నప్పుడు చూడాలి. తెర మీద బాణం గుర్తు పైకి వెళ్ళాలంటే మౌస్‌ని బల్ల మీంచి గాల్లోకి ఎత్తేస్తారు. పైకి అంటే పైకే కదా మరి, వాళ్ళ తప్పేముంది? తన పేరు కొట్టమంటే ఒక పిల్ల కీబోర్డుకేసి చాలాసేపు చూసి, ఈ అక్షరాలన్నీ ఎవరు కలిపేశారు టీచర్ అని అడిగింది. అందరికన్నా మెల్లగా చేసేవాడు నాలుగో తరగతిలో ఉన్నాడు, వాడికి పిల్లలు పెట్టిన పేరు నిదానం. రెండుసార్లు టకటకా నొక్కమంటే, ఒకసారి నొక్కి, ఊపిరి పీల్చుకుని, రెండోసారి నొక్కుతాడు. అందరికన్నా చురుకైంది ఐదో తరగతి పిట్ట, ఇస్త్రీ కొట్టు ఆవిడ మనవరాలు. పిట్టకి చేతులు వెనక్కి కట్టుకోవడమంటే ప్రాణసంకటం. నిదానం పక్కన కూర్చోబెడితే వెనక్కి పెట్టిన వేళ్ళే గాల్లో ఆడిస్తూ ఉంటుంది.

ఈ బడి ఇలా తన మానాన తాను నడుస్తుంటే పై ఆఫీసువాళ్ళకి తోచక కాబోలు, అన్ని బడులకూ ఒకే పాఠాల ప్రోగ్రామ్ పంపించారు. పిల్లల్లో ప్రతి ఒక్కరికీ ఒక పేరు, ఒక పాస్‌వర్డ్. పాఠంలోని ప్రశ్నలన్నీ సరిగ్గా చేస్తే ఆ పేరు పచ్చగా మారుతుంది, అప్పటిదాకా ఎర్రగా ఉంటుంది. ఏ బడి ఎంత పచ్చో ఆఫీసు గోడకున్న పెద్ద తెర మీద కనబడుతుంది. ఏడాది ఆఖర్లో అట్టడుగున ఉన్న బడి కంప్యూటర్లను వాడటం లేదని తేల్చి, వాటిని అందరికన్నా పచ్చగా ఉన్న బడికి తరలిస్తారు. ఎర్రగా ఉన్నచోట పిల్లలు తప్పులు చేస్తూ నేర్చుకుంటున్నారేమో అన్న అనుమానం అంత పెద్ద ఆఫీసులో ఒక్క బుర్రకూ తట్టలేదు. తట్టినా నోరు విప్పలేదేమో, అది ఇంకా పాపం.

మిగతా బడులు దీనికి సులువైన మందు కనిపెట్టాయి. నెలాఖరున పిల్లలు ఇళ్ళకు వెళ్ళాక టీచర్లు టీ తెప్పించుకుని కంప్యూటర్ల ముందు కూర్చుంటారు. ఒకరు పిల్లల పేర్లు చదువుతుంటే మిగతావాళ్ళు ఆ పేర్లతో లోపలికి వెళ్ళి జవాబులు నొక్కేస్తారు. దీనికి వాళ్ళలో వాళ్ళు పెట్టుకున్న పేరు పచ్చ పూత. మీ బడిలో పూత అయిందా అని, వంటయిందా అన్నంత మామూలుగా ఒకరినొకరు అడుగుతారు.

మొదటి స్థానం వచ్చిన బడికి ఆమె ఒకసారి మీటింగు కోసం వెళ్ళింది. కంప్యూటర్ల మీద కవర్లు, కవర్ల మీద దుమ్ము. గోడ మీద బహుమతి అందుకుంటున్న ఫోటో. అక్కడి టీచరమ్మ మంచిదే, దాపరికం లేని మనిషి. పిల్లలు ముట్టుకుంటే తప్పులొస్తాయి, తప్పులొస్తే ఎరుపొస్తుంది, కవరు తీసి దూరం నుంచి చూపిస్తే సరిపోతుందని ఎంతో ప్రేమగా సలహా ఇచ్చింది. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం. ఆ పూట ఇంటికొచ్చి ఆమె అన్నం సగంలోనే లేచిపోయింది. ఏమైందని భర్త అడిగితే చెప్పింది. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారని ఆయన నవ్వబోయి, ఆమె మొహం చూసి ఊరుకున్నాడు.

ఆ ఏడాది చివరికొచ్చేసరికి అనుకున్నంతా అయింది. అన్ని బడుల్లోకీ ఎర్రగా ఉన్నది తమదేననీ, ఈ నెలాఖరుకు రంగు మారకపోతే కంప్యూటర్లు తీసుకుపోతామనీ కబురొచ్చింది. బడి పెద్ద మాస్టారు ఉబ్బసం మనిషి, రెండేళ్ళలో రిటైరవుతాడు, ఎవరితోనూ గొడవ పెట్టుకోడు. ఆయన కంప్యూటర్ గదికి వచ్చి ఫ్యాను బాగా తిరుగుతోందా అని అడిగాడు, కిటికీ తలుపు ఊడేలా ఉందన్నాడు. చల్లకొచ్చి ముంత దాచడం దేనికి మాస్టారూ అని ఆమే అడిగేసింది. అప్పుడు బయటపెట్టాడు. ఒక్క సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది కదమ్మా, మన పిల్లల కోసమే కదా, వాళ్ళ ముందు నుంచి కంప్యూటర్లు పోతే నీకు మాత్రం బాధ కాదా అన్నాడు.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. పిల్లల పేరు చెప్పి పిల్లల్నే మోసం చేయమంటున్నారా అని అడిగింది. ఆయన దగ్గుకుంటూ వెళ్ళిపోయాడు. ఆయన అన్నదాంట్లో చివరి మాట మాత్రం ఆమెను వదల్లేదు. కంప్యూటర్లు పోతే నిజంగా ఈ ముప్ఫై మందికీ ఏం మిగులుతుంది? నల్లబల్ల మీద మౌస్ బొమ్మ గీసి, ఇదిగో పిల్లలూ దీన్ని ఇలా నొక్కాలి అని చెప్పాలా? తనను వెనకాల నిలబెట్టిన ఆ సెంటరాయనకూ తనకూ అప్పుడు తేడా ఏముంటుంది?

ఆ సాయంత్రమే పిల్లలు వెళ్ళాక ఆమె ఒక కంప్యూటర్ తెరిచింది. నిదానం పేరుతో లోపలికి వెళ్ళింది. వాడు ఆగిపోయిన ప్రశ్న తెర మీదికొచ్చింది. చెల్లాచెదురుగా ఉన్న బొమ్మల్ని ఒక్కొక్కటే పట్టుకుని లాక్కెళ్ళి వాటి వాటి పెట్టెల్లో వేయాలి. వాడు వేసినవి వేసినట్టే ఉన్నాయి, కుక్క అన్ని పెట్టెలకూ బయట, చేప బండ్ల పెట్టెలో. దారి మధ్యలో వేలు జారితే బొమ్మ ఎక్కడ పడితే అక్కడ పడిపోతుంది మరి. ఈ వారం దాకా వాడికి లాగడమే వచ్చేది కాదు. లాగడం వచ్చింది, ఇక వదలడం రావాలి. ఆమె మౌస్ మీద చెయ్యి పెట్టి కుక్కని పట్టుకుంది, కాసేపు అలాగే ఉంది, మళ్ళీ ఉన్నచోటే వదిలేసి కంప్యూటర్ ఆపేసింది. చెయ్యి కడుక్కుంటే గానీ ఇంటికి వెళ్ళాలనిపించలేదు.

తరవాతి వారం పై ఆఫీసులో రెండ్రోజుల శిక్షణ అని ఆమెను పిలిచారు. శిక్షణంతా ఆ రంగుల తెర గురించే. పిల్లల ప్రాక్టీసు ఆగకూడదని పెద్ద మాస్టారు ఆ రెండ్రోజులూ తనే గది తాళం తీసి, బయట వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆమె తిరిగొచ్చేసరికి ఆయన గుమ్మంలోనే ఎదురయ్యాడు. ఆఫీసు నుంచి ఫోనొచ్చిందట, బడి మొత్తం పచ్చగా ఉందట, అధికారి ఎంతో సంతోషించాడట. నువ్వు ఒప్పుకుంటావని నాకు తెలుసమ్మా అన్నాడు. ఆమె ఆయన్నే అనుమానించి నాలుగు మాటలు గట్టిగానే అనేసింది. ఆయన నివ్వెరపోయాడు. కంప్యూటర్ ఆపడం కూడా రానివాణ్ణి, నేనెలా చేస్తానమ్మా అన్నాడు. అదీ నిజమే. మరి ఇంకెవరు?

పిట్ట దాచిపెట్టలేదు. మెచ్చుకుంటారనుకుని తనే పరుగెత్తుకొచ్చింది. పెద్దవాళ్ళ గొడవ కిటికీలోంచి విన్నదట. ఆటల పీరియడ్లో ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి పాస్‌వర్డులు అడిగింది. కంప్యూటర్లు తీసుకుపోతారంటే అందరూ చెప్పేశారు. మాస్టారు బయట కునుకు తీస్తుంటే ఆ రెండ్రోజుల్లో ముప్ఫై మంది పాఠాలూ తనే చేసేసింది, ఒక్కటీ తప్పు పోకుండా.

"ఇంక తీసుకుపోరు కదా టీచర్?"

ఒకరి పని ఇంకొకరు చేయకూడదని మనం అనుకోలేదా అని ఆమె అడిగింది. గొంతు తనకే పేలవంగా వినిపించింది. పిట్ట వేళ్ళు మడుస్తూ లెక్క చెప్పింది.

"మిగతా బళ్ళలో టీచర్లే చేసేస్తారట కదా. మీరు చెయ్యనన్నారు. మరి ఎవరో ఒకరు చెయ్యాలి కదా."

ఆమె ఆ పిల్లను తిట్టలేకపోయింది. పదేళ్ళ పిల్ల తప్పు చేసిందనాలంటే, ముందు పెద్దవాళ్ళు ఆ తప్పు చెయ్యకుండా ఉండాలి కదా. పాస్‌వర్డు ఎవరికీ చెప్పొద్దని నేర్పింది తను. చెప్పేలా చేసింది ఆఫీసు. తిలాపాపం తలా పిడికెడు పంచుకుని, చివరికి ఆ పిడికెళ్ళన్నీ తెచ్చి ఈ పిల్ల చేతిలో పెట్టారు. ఇంతకన్నా సిగ్గుమాలిన పని ఏముంటుందని ఆమెకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి బాధతో వచ్చినవి కావు, ఒళ్ళు మండి వచ్చినవి.

అసలు దెబ్బ మర్నాడు తరగతిలో తెలిసింది. పూర్తయిన పాఠాన్ని ఆ ప్రోగ్రామ్ మళ్ళీ తెరవనివ్వదు. నిదానం కూర్చుని, తన పేరు కొట్టి, ఒకసారి నొక్కి, ఊపిరి పీల్చుకుని, రెండోసారి నొక్కాడు. నీ పాఠాలన్నీ పూర్తయ్యాయి, శభాష్ అని తెర మీద వచ్చింది. వాడు దాన్ని కూడబలుక్కుని చదివాడు. మళ్ళీ మళ్ళీ నొక్కాడు. తరవాత ఆమెకేసి తిరిగాడు.

"నేను చెయ్యలేదు టీచర్. నా కుక్క ఇంకా బయటే ఉంది."

గదిలో పది కంప్యూటర్లూ ఉన్నాయి. వాటి ముందు పిల్లలున్నారు. ఇక చేయడానికి మాత్రం ఏమీ లేదు. ఎవరూ నవ్వలేదు. పిట్ట తల దించుకుంది.

ఆమె ఆ గంట ముగియగానే కంప్యూటర్ చదువులు చూసే అధికారికి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన కోప్పడతాడనుకుంది. కోప్పడినా బాగుండేది. ఆయన నింపాదిగా విని, ఎవరు చేస్తే ఏముంది, ఆ సంగతి మీలోనే ఉంచుకోండి అన్నాడు. అంటే మీకు ముందే తెలుసా అని ఆమె అడిగింది. తెలియకపోవడానికి ఏముందన్నట్టు ఆయన చిన్నగా నవ్వాడు.

"మేడమ్, పిల్లలకి వచ్చా రాలేదా అని నన్ను ఎవరూ అడగరు. రంగు అడుగుతారు."

"నన్ను అడుగుతారండి. రోజూ ఎదురుగా కూర్చుని ముప్ఫై మంది అడుగుతారు."

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు వినబడింది.

మూసుకుపోయిన పాఠాలను మళ్ళీ తెరిచే అధికారం బడి పెద్ద మాస్టారికి ఉంది. తెరిస్తే మొత్తం ఎర్రబడుతుంది. ఆమె ఆయన గదికి వెళ్ళి వాదించలేదు. ఒక్కసారి తరగతికి వచ్చి, నిదానానికి నీ చదువు అయిపోయిందని మీ నోటితో మీరే చెప్పండి మాస్టారూ, ఆ తరవాత నేనేమీ మాట్లాడను అంది. ఆయన వచ్చాడు. వాడి పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. వాడు ఆయనకు తెర చూపించి, నాది దొంగ శభాష్ అండీ అన్నాడు. ముప్ఫై ఏళ్ళ పైచిలుకు పలకల మీద, పుస్తకాల మీద తప్పులు దిద్దిన మనిషి ఆయన. తన చేతులకేసి చూసుకున్నాడు.

"ఎక్కడ నొక్కాలో చూపించమ్మా" అన్నాడు చివరికి.

ఆమె చూపించింది గానీ తను నొక్కలేదు. మాస్టారు మౌస్ పట్టుకున్నాడు. మొదటిసారి దాన్ని గాల్లోకి ఎత్తేశాడు. మూడో తరగతి పిల్లలు ఆయన చుట్టూ చేరి, ఎత్తకూడదండీ, జరపాలి, ఇంకొంచెం ఇటు, ఇప్పుడు నొక్కండి అని చెబుతూ ఉన్నారు. ఒక్కో పేరూ పచ్చ నుంచి ఎరుపులోకి వచ్చింది. తన పేరు వచ్చినప్పుడు పిట్ట మాత్రం అడ్డుపడింది. నాది నేనే చేశాను కదా, నాదెందుకు ఎర్రగా చేస్తున్నారంది. అది న్యాయమే. దాన్ని వదిలేశారు. అంత ఎరుపులో ఒక్క పిట్ట పేరు పచ్చగా మిగిలింది.

నిదానం ఆ వారంలో కుక్కని దాని పెట్టెలో వేశాడు. ఏ ఆఫీసు నుంచీ ఫోను రాలేదు.

నెలాఖరు దాటగానే వ్యాను వచ్చింది. తరగతి జరుగుతుండగానే ఇద్దరు హమాలీలు గదిలోకి వచ్చి తీగలు పీకబోయారు. ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడి, పిల్లలు చేస్తున్నది ముగిసేదాకా ఒక్క చెయ్యి దేని మీదా పడకూడదంది. ఆ గొంతు విని వాళ్ళు వెనక్కి తగ్గారు. చిన్నవాడు బీడీకని బయటికి పోయాడు. పెద్దాయన భుజం మీద తువ్వాలు సర్దుకుని అక్కడే నిలబడి పిల్లల్ని చూడసాగాడు. ఒక చిన్నపిల్ల తన పేరూ, అమ్మ పేరూ, ఇంట్లో మేక పేరూ వరసగా కొడుతోంది. ఏ తరగతమ్మా అని ఆయన అడిగితే తల తిప్పకుండానే మూడు అంది.

గంట మోగాక పిల్లలు ఒక్కొక్కటే ఆపేసి లేచారు. హమాలీలు మోయడం మొదలెట్టారు. పెద్దాయన మాటకారి. ఇవన్నీ మా పాప చదివే బడికేనమ్మా, ఆ చివర బడి, వాళ్ళకే ఫస్టు వచ్చిందంట అని సంబరంగా చెప్పాడు. అటూ ఇటూ తిరిగేకొద్దీ ఆయన మాటలు తగ్గాయి. చివరికి బల్ల దగ్గర ఆగిపోయాడు.

"మా పాప ఐదో తరగతమ్మా. మొన్న ఫోనిచ్చి నీ పేరు కొట్టి చూపించు అంటే రాదంది. బళ్ళో వాటిని ఎప్పుడూ ముట్టుకోనివ్వరంట. మరి ఫస్టు ఎలా వచ్చింది?"

ఆమె ఇంతకాలం మాస్టారితో, ఆఫీసుతో, మొగుడితో కూడా చెడామడా మాట్లాడిన మనిషి. ఈయనకు చెప్పాల్సి వచ్చేసరికి గొంతు దిగిపోయింది. మీ పాప పేరు మీద వేరేవాళ్ళు నొక్కారండీ అని మాత్రం చెప్పింది. అక్కడ అందరి పేర్ల మీదా అలాగే నొక్కారు, మీ పాప తప్పేమీ లేదు అంది.

ఆయన వంగి కంప్యూటర్ ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. కూలి పని, ఎత్తక తప్పదు. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, వెనక్కి తిరిగాడు.

"మా పాపని మీ బళ్ళో వేస్తే నేర్పుతారా అమ్మా?"

ఆమె అవునందామని నోరు తెరిచింది. ఆయన భుజం మీదున్నది ఆ గదిలోని ఆఖరి కంప్యూటర్.